మేడ మీద కంప్యూటర్, కింద దాని విండో

మా ఇల్లు మల్కాజ్‌గిరిలో. డెస్క్‌టాప్ ఉన్నది మేడ మీది గదిలో, దాని పైన స్లాబ్ తప్ప ఇంకేం లేదు, ఏప్రిల్ వచ్చిందంటే మధ్యాహ్నం నుంచి పొద్దుగూకేదాకా అందులో కూర్చోవడం మనిషి వల్ల కాదు. కూలర్ కింద హాల్లో ఉంది, లాప్‌టాప్ కూడా అక్కడే ఉంటుంది, కానీ ఫొటోలూ, వాటి డిస్కూ, పాత స్కానరూ అన్నీ పైన. సికింద్రాబాద్ కంప్యూటర్ మార్కెట్ సీటీసీలో పార్టులు ఒక్కొక్కటే కొని కట్టించుకున్న డబ్బా అది, కిందికి దించుదామంటే హాల్లో చోటు లేదు, ఉన్నా ఇంట్లో ఊరుకోరు. అందుకని పైనున్న ప్రోగ్రామ్ విండోని కింద లాప్‌టాప్‌లో తెరుచుకునే పద్ధతి పట్టుకున్నాను. రెండు ఎండాకాలాలు అలాగే గడిచాయి.

చాలామంది వెంటనే వీఎన్‌సీ పెట్టుకో, ఎనీడెస్క్ పెట్టుకో అంటారు. అవి మొత్తం స్క్రీన్‌ని తెచ్చి పెడతాయి, స్క్రీన్‌లో స్క్రీన్, రెండు టాస్క్‌బార్లు, ఏ మౌస్ ఎక్కడుందో తెలియని గందరగోళం. నాకు కావలసింది ఫొటోలు దిద్దుకునే గింప్ అనే ప్రోగ్రామ్ విండో ఒక్కటే. అది లాప్‌టాప్‌లోని మిగతా విండోల పక్కనే, వాటిలాగే ఉండాలి. రెండు వైపులా లినక్స్ ఉంటే దీనికి కొత్తగా కొనేదేం లేదు, బయటి ఇంటర్నెట్ కూడా అక్కర్లేదు, ఇంట్లో రౌటర్ వెలుగుతుంటే చాలు.

మొదట ఒక్క సంగతి బుర్రకెక్కాలి, అది ఎక్కకపోతే వచ్చే ప్రతి ఎర్రరూ అర్థం కాకుండానే పోతుంది. లినక్స్‌లో విండోలు గీసే పాత వ్యవస్థ పేరు ఎక్స్. 1984లో ఎంఐటీలో మొదలైంది, ఇప్పటికీ వాడుతున్న పదకొండో వెర్షన్ 1987లో వచ్చింది. ఇందులో సర్వర్ అంటే దూరంగా ఉన్న పెద్ద మెషీన్ కాదు. మీ ముందున్న స్క్రీన్, కీబోర్డ్, మౌస్ ఎవరి చేతిలో ఉన్నాయో అదే సర్వర్. పైన నడిచే గింప్ క్లయింట్. అది వచ్చి "నాకో విండో గీసిపెట్టు" అని అడుగుతుంది, కింది లాప్‌టాప్ గీసి పెడుతుంది. మామూలుగా మనకు అలవాటైన దానికి ఇది తలకిందులు, నాకూ మింగుడు పడటానికి ఓ వారం పట్టింది.

ఇక పని. కమాండ్లు ఫోన్లో చెప్పినట్టు తెలుగులోనే చెబుతాను, మీరు ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టుకోండి, పెద్ద అక్షరం కావలసిన చోట విడిగా చెబుతాను. పైనున్న మెషీన్‌లో ఉబుంటు, డెబియన్ అనే లినక్స్ రకాల్లో ఏదో ఒకటి ఉంటే, టెర్మినల్ (కమాండ్లు కొట్టే విండో) తెరిచి సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్-సర్వర్ ఎక్స్‌ఆత్ ఎక్స్11-యాప్స్ అని కొట్టండి. మొదటిది తలుపు, అంటే ఎస్‌ఎస్‌హెచ్ అనే పద్ధతిలో ఇంకో మెషీన్ నుంచి ఇందులోకి లాగిన్ అయ్యే దారి, రెండోది తాళంచెవి, మూడోది పరీక్షించుకోవడానికి పనికొచ్చే బొమ్మలు. తర్వాత హోస్ట్‌నేమ్, స్పేస్, డాష్, పెద్ద ఐ కొడితే ఆ మెషీన్ అడ్రస్ వస్తుంది, మన ఇళ్ళలో సాధారణంగా 192.168తో మొదలవుతుంది. అది రాసి పెట్టుకోండి. రౌటర్ దాన్ని రేపు మార్చేయగలదు కాబట్టి రౌటర్ సెట్టింగుల్లో డీహెచ్‌సీపీ రిజర్వేషన్ అనే చోట ఆ మెషీన్‌కి ఆ అడ్రస్సే ఎప్పటికీ ఇవ్వమని చెప్పేయడం మంచిది.

ఇప్పుడు కిందికొచ్చి లాప్‌టాప్ టెర్మినల్‌లో ఎస్‌ఎస్‌హెచ్, స్పేస్, డాష్, పెద్ద ఎక్స్, స్పేస్, పైన మీ యూజర్ పేరు, ఎట్ గుర్తు, ఆ అడ్రస్. మొదటిసారి ఈ మెషీన్‌ని నమ్మాలా అని అడుగుతుంది, ఎస్ (వై, ఈ, ఎస్) అని పూర్తిగా టైప్ చేయండి. పాస్‌వర్డ్ ఇచ్చాక మీరు పైన ఉన్నట్టే. అక్కడ ఎక్స్‌ఐస్ అని కొట్టండి. రెండు కళ్ళు తెరుచుకుని మీ మౌస్ ఎటు పోతే అటు చూస్తాయి. చూశాయంటే పనైపోయినట్టే. లాప్‌టాప్‌లో ఎక్స్ బదులు వేలాండ్ అనే కొత్త విండో వ్యవస్థ ఉంటే మౌస్ కొన్ని విండోల మీద ఉన్నప్పుడు ఆ కళ్ళు బిగుసుకుపోతాయి, అది తప్పు కాదు, వేలాండ్ ఒక ప్రోగ్రామ్ సంగతి ఇంకొకదానికి చెప్పదు, అంతే.

కళ్ళు తెరుచుకున్నాక గింప్ అని కొట్టి, స్పేస్ ఇచ్చి, చివర అండ్ గుర్తు పెడితే విండో వస్తుంది, టెర్మినల్ కూడా మీ చేతిలోనే ఉంటుంది. నేను ఎక్కువగా వాడేది స్కానింగ్ ప్రోగ్రామ్. కింద కూలర్ ముందు కూర్చుని స్కాన్ బటన్ నొక్కితే రెండు సెకన్ల తర్వాత మెట్ల మీదుగా ఆ ముసలి స్కానర్ మూలుగు వినిపిస్తుంది, ఆ తర్వాత ఒక్కో గీతే బొమ్మ కిందికి దిగుతుంది. కాగితం మార్చడానికి మాత్రం ఎవరో ఒకరు పైకి ఎక్కాల్సిందే, దానికి ఏ కమాండూ లేదు.

ఇప్పుడు తప్పుల సంగతి. ఎక్కువ మందికి వచ్చేది కాంట్ ఓపెన్ డిస్‌ప్లే. మా బావమరిది ఉప్పల్ నుంచి ఫోన్ చేసి "బావా, నువ్వు చెప్పినట్టే కొట్టిన, డిస్‌ప్లే లేదంటోంది, మానిటర్ ముందే ఉంది కదా" అన్నాడు. పైనున్న ప్రోగ్రామ్‌కి ఏ స్క్రీన్ మీద గీయాలో చెప్పేది డిస్‌ప్లే అనే వేరియబుల్, అంటే పేరు పెట్టి దాచుకున్న విలువ. ఎకో, స్పేస్, డాలర్ గుర్తు, అన్నీ పెద్ద అక్షరాల్లో డిస్‌ప్లే అని కొడితే లోకల్‌హోస్ట్, కోలన్, 10.0 లాంటిది కనిపించాలి. కనిపిస్తే దారి పడింది. ఖాళీగా ఉంటే దారే పడలేదు. అప్పుడు మూడు చూడాలి: ఎస్‌ఎస్‌హెచ్ కొట్టేటప్పుడు డాష్ ఎక్స్ పెట్టారా, అందులో ఎక్స్ పెద్దదేనా, పైన ఎక్స్‌ఆత్ ఉందా. చిన్న ఎక్స్ అంటే అసలు ఈ సౌకర్యం వద్దు అని అర్థం. మా వాడు కొట్టింది చిన్నదే. "అరె, ఒక్క అక్షరానికి గంట పోయింది బావా" అన్నాడు.

అన్నీ సరిగ్గా ఉన్నా ఫార్వర్డింగ్ రిక్వెస్ట్ ఫెయిల్డ్ అని వస్తే పై మెషీన్‌లో ఈటీసీ అనే ఫోల్డర్ లోపల ఎస్‌ఎస్‌హెచ్ ఫోల్డర్‌లోని ఎస్‌ఎస్‌హెచ్‌డీ-కాన్ఫిగ్ ఫైల్ తెరవండి, అసలు పేరులో అడ్డగీత కింద ఉంటుంది. అందులో ఎక్స్11ఫార్వర్డింగ్ అనే లైన్ ఎదురుగా ఎస్ ఉండాలి, ముందు హాష్ గుర్తు ఉండకూడదు. ఉబుంటు, డెబియన్ దీన్ని ఎస్ పెట్టే ఇస్తాయి, కొన్ని వేరే రకాల్లో నో ఉంటుంది. మార్చాక ఎస్‌ఎస్‌హెచ్ సర్వీస్‌ని రీస్టార్ట్ చేసి, మళ్ళీ కొత్తగా లాగిన్ అవ్వండి, పాత లాగిన్‌లో ఎంత చూసినా మారదు.

నేను చేసిన వెధవ పని కూడా చెబుతాను. ఎక్కడో చదివి, పైనున్న మెషీన్‌లో టెర్మినల్ తెరిచినప్పుడల్లా చదివే బాష్‌ఆర్‌సీ ఫైల్‌లో డిస్‌ప్లేని కోలన్ సున్నా అని రాసి పెట్టాను. ఎస్‌ఎస్‌హెచ్ తనంతట తానే సరైన విలువ పెడుతుంది, నేను దాని మీద నాది రుద్దాను. కింద ఎక్స్‌ఐస్ కొడితే ఎర్రర్ లేదు, విండో లేదు. మళ్ళీ కొట్టాను, మళ్ళీ. అరగంట తర్వాత పైనుంచి మా అమ్మాయి కేక: "నాన్నా, కంప్యూటర్ నిండా కళ్ళున్నాయి, ఎవరు పెట్టారు?" కోలన్ సున్నా అంటే ఆ మెషీన్ సొంత మానిటర్, విండోలన్నీ బుద్ధిగా అక్కడే తెరుచుకుంటున్నాయి. ఆ లైన్ మీ ఫైల్‌లో ఉంటే తీసేయండి.

అసలు ఎస్‌ఎస్‌హెచ్ దగ్గరికే చేరకపోతే, అంటే కనెక్షన్ టైమ్డ్ అవుట్ అని వస్తే, ముందు రెండూ ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నాయా చూడండి. కొన్ని రౌటర్లలో గెస్ట్ వైఫై మీద ఉన్న పరికరాల్ని ఒకదానికొకటి కనపడనీయరు, దాన్ని ఏపీ (యాక్సెస్ పాయింట్) ఐసొలేషన్ అంటారు. అమీర్‌పేట హాస్టళ్ళ వైఫైలో ఇది పెట్టి ఉంటే మీరేం చేయలేరు, పెట్టడం కూడా న్యాయమే.

పాత పద్ధతులు చెప్పేవాళ్ళు ఎక్స్‌హోస్ట్ ప్లస్ కొట్టమంటారు. వద్దు. అది మీ స్క్రీన్ తలుపు అందరికీ బార్లా తెరవడం, లోపలికి వచ్చిన ప్రోగ్రామ్ మీరు కొట్టే పాస్‌వర్డ్ కూడా చదవగలదు. 2015 తర్వాతి ఎక్స్ సర్వర్లు నెట్‌వర్క్ నుంచి నేరుగా వచ్చేవాళ్ళని మామూలుగా విననే వినవు. పెద్ద ఎక్స్ బదులు పెద్ద వై పెట్టమని కూడా కొందరంటారు. వై అంటే అవతలి మెషీన్‌ని పూర్తిగా నమ్ముతున్నాను అని. సొంత డబ్బా అయితే పర్లేదు, రూట్ (అన్ని అధికారాలూ ఉన్న యూజర్) పాస్‌వర్డ్ ఇతరుల దగ్గర ఉన్న మెషీన్‌కి వాడకండి. ఉబుంటులో అయితే పెద్ద ఎక్స్ కూడా మామూలుగా వైలాగే పనిచేస్తుంది, కాబట్టి ఆ జాగ్రత్త దానికీ వర్తిస్తుంది.

లాప్‌టాప్‌లో విండోస్ ఉంటే మోబాఎక్స్‌టెర్మ్ వేసుకోండి, ఎక్స్ సర్వర్ అందులోనే ఉంటుంది. పుట్టీ (విండోస్‌లో వాడే ఎస్‌ఎస్‌హెచ్ ప్రోగ్రామ్) అలవాటుంటే విసిఎక్స్‌ఎస్‌ఆర్‌వీ అనే ఎక్స్ సర్వర్‌ని విడిగా నడిపి, పుట్టీలో ఎస్‌ఎస్‌హెచ్ కింద ఎక్స్11 అనే చోట టిక్ పెట్టాలి. మ్యాక్‌కి ఎక్స్‌క్వార్ట్జ్, వేశాక ఒకసారి లాగౌట్ అయి రండి.

వేగం. ఇక్కడ బ్యాండ్‌విడ్త్ కంటే ఆలస్యం ముఖ్యం, ఎందుకంటే ప్రోగ్రామూ స్క్రీనూ ఒక్క మెనూ తెరవడానికే చాలాసార్లు అటూ ఇటూ మాట్లాడుకుంటాయి. పింగ్ కమాండ్ కొట్టి చూడండి, ఒక మాట పైకి వెళ్ళి రావడానికి ఎంత సేపు పడుతుందో చెబుతుంది. కేబుల్ మీద ఒక మిల్లీసెకను కూడా ఉండదు, వైఫైలో అది పెరుగుతుంది, గోడలు అడ్డొస్తే ఇంకా. అందుకే నేను మేడ దాకా కేబుల్ లాగించాను. లాగిన కుర్రాడు ఎనిమిది తీగల్లో నాలుగే క్రింప్ చేసి పోయాడు, దానితో వంద మెగాబిట్లకు మించి రాదు, గిగాబిట్‌కి ఎనిమిదీ కావాలి. మళ్ళీ పిలిచి చేయించుకున్నాను. వీడియోలు, త్రీడీ మాత్రం ఎంత కేబుల్ ఉన్నా నత్తనడకే, వాటికి ఈ దారి వాడకండి.

ఇంకో టెన్షన్ కరెంటుది. ఇన్వర్టర్ మారే ఆ క్షణంలో మా రౌటర్ రీస్టార్ట్ అవుతుంది, ఎస్‌ఎస్‌హెచ్ తెగితే విండోతో పాటు ప్రోగ్రామ్ కూడా పోతుంది, సేవ్ చేయని పని గోదాట్లో కలిసినట్టే. రౌటర్‌కి చిన్న యూపీఎస్ ఒకటి తెచ్చి తగిలించాను. అది కాకుండా ఎక్స్‌ప్రా అనే ప్రోగ్రామ్ ఉంది, రెండు వైపులా వేసుకోవాలి, దాని ద్వారా తెరిచిన విండో కనెక్షన్ తెగినా పైన బతికే ఉంటుంది, మళ్ళీ తగిలించుకుంటే వదిలిన చోటే దొరుకుతుంది. గంటల తరబడి ఒకే ఫొటో మీద కూర్చునేవాళ్ళు దానికే వెళ్ళిపోవడం మేలు.

చివరగా బద్ధకస్తుల కోసం. లాప్‌టాప్‌లో ఎస్‌ఎస్‌హెచ్-కీజెన్ ఒకసారి, తర్వాత ఎస్‌ఎస్‌హెచ్-కాపీ-ఐడీతో పై మెషీన్ యూజర్ పేరు, ఎట్ గుర్తు, అడ్రస్ ఒకసారి కొడితే ఇకమీద అక్కడి పాస్‌వర్డ్ అడగదు. హోమ్ ఫోల్డర్‌లో డాట్ ఎస్‌ఎస్‌హెచ్ అనే దాంట్లో కాన్ఫిగ్ ఫైల్ తెరిచి, హోస్ట్ మేడ అని ఒక పేరు పెట్టి, కింద అడ్రస్, యూజర్, ఫార్వర్డ్ఎక్స్11 ఎస్ అని రాసుకోండి. అప్పుడు ఎస్‌ఎస్‌హెచ్ మేడ గింప్ అంటే చాలు. అదే లైన్‌ని డెస్క్‌టాప్ మీద ఐకాన్‌గా పెట్టాను, మా ఆవిడ దాన్నే నొక్కి పెళ్ళి ఫొటోలు చూసుకుంటోంది. అవి పైనుంచి వస్తున్నాయని ఆవిడకి నేను ఇంకా చెప్పలేదు.