ఒక్క రోజులో ఊరు చూడటం: మూడో పాఠం – ఎండ లెక్క, ఆకలి లెక్క

పోయిన పాఠంలో, కలిసి ఊరు చూడబోయే మీ ఇద్దరినీ చెరో కాగితం తీసుకోమన్నాను. వెళ్లబోయే ఊళ్లో ఏం చూడాలనుందో, ఏం తినాలనుందో ఒకరిది ఒకరు చూడకుండా రాయమన్నాను. ఆ కాగితాలు ఇప్పుడు ముందు పెట్టుకోండి. ఇంకా రాయకపోతే ముందు రాసి రండి, ఈ పాఠమంతా వాటి మీదే నడుస్తుంది.

ఈసారి నెల్లూరును తీసుకుందాం. మాది కావలి. పెళ్లయిన కొత్తలో ఒక ఆదివారం మా ఆయనా నేనూ రైలెక్కి నెల్లూరు పోయాం. చూడాల్సినవన్నీ రాసుకున్నాం, వేళలు మాత్రం రాసుకోలేదు. ముందు బజారు తిరిగి రంగనాయకులపేట చేరేసరికి మధ్యాహ్నమైంది, గుడి తలుపులు వేసేశారు. మూడున్నరకు భోజనానికి కూర్చుంటే ‘పులుసుందమ్మా, ముక్కల్లేవు’ అన్నారు. పొద్దు సముద్రంలో గుంకడం చూద్దామని సాయంత్రం మైపాడు పోయాం. నేను నీళ్లకేసి చూస్తూ నిలబడితే ఆయన నా భుజం తట్టి, ‘యాడ చూస్తుండావే? పొద్దు మన వెనకాల గుంకతా ఉండాది’ అన్నాడు. మనది తూర్పు తీరం. పొద్దు సముద్రంలోంచి పొడుస్తుంది, ఊరి వైపు గుంకుతుంది. ఈ సంగతి ఇద్దరికీ తెలిసిందే, అయినా బయల్దేరే ముందు ఒక్కరికీ తట్టలేదు.

ఆ రోజు మేం వెళ్లిన చోట్లలో దేనికీ వంక పెట్టలేం. అన్నిటికీ వేళ కాని వేళకు చేరాం. అందుకే ఈ పాఠంలో కాగితం మీదున్న ప్రతి పేరు పక్కనా ఒక వేళ రాయడం నేర్చుకుందాం.

తల్పగిరి రంగనాథస్వామి గుడి పక్కన ‘తెల్లవారి’ అని రాయండి. గుడి పెన్న గట్టునే ఉంది. పొద్దున ఏడింటికల్లా చేరితే దర్శనం అయ్యాక గట్టు మీద కూర్చోవడానికి చల్లటి గాలి, నీడ రెండూ దొరుకుతాయి. అక్కడ కాసేపు తీరిగ్గా కూర్చోమని నా కోరిక. 13వ శతాబ్దంలో మనుమసిద్ధి కొలువులో ఉన్న తిక్కన ఈ ఊరివాడే. నన్నయ ఆపిన భారతాన్ని విరాటపర్వం నుంచి పట్టుకుని పదిహేను పర్వాలు తెలుగు చేశాడు. మనం ఈ రోజుకీ మాట్లాడుకునేటంత తేటగా ఆయన పాత్రలు మాట్లాడతాయి. ఏటిలో నీళ్లున్నా, ఇసుక తిన్నెలే ఉన్నా ఆ మాట తలుచుకుంటే నాకు పెన్న మరోలా కనిపిస్తుంది. మీలో ఒకరికి పద్యమొస్తే అక్కడ చదవండి, రెండోవాళ్లు వినండి.

అక్కణ్ణుంచి టిఫిను. కారం దోసె అడగండి, ఎర్రకారం పూసి కాలుస్తారు. కారం పడనివాళ్లు ముందే చెప్పి కొద్దిగా పూయించుకోవచ్చు.

ఇక మధ్యాహ్నం. ఇది గట్టిగా పట్టుకోవాల్సిన చోటు. మేలో నెల్లూరు ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది, పన్నెండు నుంచి మూడున్నర దాకా కాగితంలో ఆరుబయటి పేరు ఒక్కటీ ఉండకూడదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన జిల్లాకు అసలు వానలు, అప్పుడైతే గొడుగు లెక్క కూడా వేసుకోవాలి. మధ్యాహ్నానికి భోజనాన్ని మేకులా దిగ్గొట్టి, తక్కినవన్నీ దానికి అటూ ఇటూ తగిలించండి.

చేపల పులుసు కోసం పోయేవాళ్లు ఒంటిగంటకు విస్తరి ముందుండాలి. ఎందుకో పులుసు కాచే తీరులోనే ఉంది. చింతపండు పులుసు బాగా మరిగాక ముక్కలు వేస్తారు. ఆపైన గరిటె పెట్టరు, ముక్క విరిగిపోతుందని దాకను రెండు చేతులా పట్టుకుని తిప్పుతారు. మామిడికాయల రోజుల్లో కాయ ముక్కలూ పడతాయి. దించిన వెంటనే పులుసూ ముక్కా వేరువేరుగా ఉంటాయి. నాలుగైదు గంటలు నిలిస్తే గానీ ఉప్పూ కారం పులుపూ ముక్కలోకి దిగవు. మా అమ్మ రాత్రి కాచి పొద్దున పెట్టేది. హోటల్లో పొద్దున కాచిన పులుసు ఒంటిగంటకు రుచికొస్తుంది, రెండు దాటితే ముక్కలు అయిపోతాయి. కూర్చునే ముందు ‘ఈరోజు ఏం చేప?’ అని అడగండి. ముళ్లకు భయపడేవాళ్లు ఉంటే కొరమీను మేలు. బొమ్మిడాయిలు ఉన్నాయంటే మాత్రం నేను ఇంకో మాట అడగను.

సాయంత్రానికి దిక్కు చూసుకోవాలి. మైపాడు ఊరికి తూర్పున పాతిక కిలోమీటర్ల లోపు. నరసింహకొండ, జొన్నవాడ పడమట, పెన్నకు ఈ గట్టున కొండ, ఆ గట్టున కామాక్షితాయి గుడి. రెండు దిక్కులూ ఒక్క సాయంత్రంలో పట్టవు. పొద్దు గుంకడం చూడాలనుంటే కొండెక్కండి, కింద ఏరు మెరుస్తూ కనిపిస్తుంది. ఊరికే అలల్లో నడవాలనుంటే నాలుగున్నరకు మైపాడు పోండి. అప్పుడు ఎండ వెనక నుంచి వస్తుంది గనక కళ్లలో పడదు. ఎటు పోవాలో మీరే తేల్చుకోవాలి. ఒకరు వదులుకుంటే వచ్చేసారి మొదటి పేరు వాళ్లదని ఆ కాగితం మీదే రాసేయండి. మా ఇంట్లో ఇది ఇప్పటికీ నడుస్తోంది.

స్వర్ణాల చెరువు గట్టున ఉన్న బారాషహీద్ దర్గాకు మామూలు రోజుల్లో గంట చాలు. మొహర్రం నెలలో రొట్టెల పండగప్పుడైతే ఆ రోజంతా దానికే ఇచ్చేయండి. కోరిక తీరినవాళ్లు చెరువు నీళ్లలో నిలబడి రొట్టె ఇస్తారు, అదే కోరిక ఉన్నవాళ్లు తీసుకుంటారు. ఉద్యోగ రొట్టె, పెళ్లి రొట్టె, సంతాన రొట్టె అని పేర్లు. హిందువులూ ముస్లిములూ పక్కపక్కనే నిలబడతారు. మేం ఒక ఏడు ఇంటి రొట్టె తీసుకున్నాం. ఇల్లు లేచాక రెండు రొట్టెలు చేసి తీసుకెళ్లి, నీళ్లలో ముఖం తెలియని ఒక జంట చేతిలో పెట్టాను. ఆ అమ్మాయి రొట్టెను కొంగులో కట్టుకున్న తీరు నేను మరిచిపోలేదు. చాంద్రమానపు నెల గనక పండగ ఏటికేడు పది పదకొండు రోజులు ముందే వస్తుంది, తేదీ చూసుకుని కాగితం మీద వేయండి.

మలై కాజా చివర్న, రైలుకు గంట ముందు కొనండి. ఇది మెత్తటి పాల మిఠాయి, తాపేశ్వరం కాజాలా నిలవుండదు. పొద్దునే కొని ఎండలో మోస్తే పాడవుతుంది.

అభ్యాసం: మీ రెండు కాగితాల్లోని పేర్లన్నిటి పక్కనా వేళ రాయండి. ఒకే వేళకు రెండు పేర్లొస్తే ఒకటి కొట్టేయండి, కొట్టేసేది ఎవరి కాగితంలోదో గుర్తుపెట్టుకోండి. భోజనానికీ సాయంత్రానికీ మధ్య ఒక గంట ఏమీ రాయకుండా వదలండి. ఆ గంటలో ఏం చేయాలో నాలుగో పాఠంలో, ఒంగోలు బజారులో తిరుగుతూ చెబుతాను.