పదిహేను నిమిషాల్లో ఏం మాట్లాడాలి

బెంగళూరు మారతహళ్లి పీజీల్లో ఉండే మన తెలుగు పిల్లలు ఏఆర్‌టీ మాత్రల కోసం, అంటే హెచ్‌ఐవీకి రోజూ వేసుకునే మందుల కోసం వచ్చినప్పుడు, కౌన్సిలర్‌గా నాకు దొరికేది పదిహేను నిమిషాలే. బయట క్యూ ఉంటుంది. అందుకే "మందు ఎందుకు మానేశావ్?" అని మొదలుపెట్టను. "ఈ వారం ఎన్ని మాత్రలు తప్పాయి నాన్నా? అందరికీ తప్పుతుంటాయిలే" అంటాను. అప్పుడు నిజం చెప్తారు.

తర్వాత రెండే ప్రశ్నలు. గత 2 వారాల్లో దిగులుగా ఉందా? ఏ పని మీదా ఆసక్తి పోయిందా? అవునంటే, చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది ఉత్త భయం. దానికీ అవునంటే ఒంటరిగా పంపకండి, ఆ రోజే మానసిక వైద్యుడికి చూపించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి రాత్రీ పగలూ ఫోన్ చేయొచ్చు.

ఇక అడ్డంకి ఒక్కటే పట్టుకోండి. ఒక కుర్రాడికి రూమ్మేట్ మాత్రల సీసా చూస్తాడని టెన్షన్. ఏడు మాత్రలు చిన్న డబ్బాలో వేసి బ్యాగు లోపలి జేబులో పెడతానన్నాడు. రాత్రి ఫోన్ చార్జింగ్ పెట్టగానే వేసుకుంటానన్నాడు. ఉపాయం వాడిదే. నేను చెప్పినవి రెండు రోజులు కూడా నిలవవు!

వైరల్ లోడ్ పరీక్షలో వైరస్ కనిపించనంత తగ్గి, అలాగే నిలిస్తే లైంగికంగా ఇతరులకు సోకదని తప్పక చెప్పండి. చాలామంది ఇక్కడే ఏడుస్తారు. ఏడవనివ్వండి.

మూడో రోజు ఒక మెసేజ్ పెట్టండి: "తిన్నావా?" అంతే. జబ్బు పేరు, మందు పేరు అందులో వద్దు.