గాలిమర నిలబెట్టే ముందు

అస్సాంలోని దరంగ్ జిల్లాలో మెహ్తర్ హుస్సేన్, ముస్తాక్ అహ్మద్ అనే రైతు సోదరులు వెదురుతో గాలిమర కట్టి, చేతిపంపుకి తగిలించి వరి తడిపారు. మీకూ ఆ ఆలోచన ఉంటే ముందు ఇవి చూసుకోండి.

• గాలి వేగం సగమైతే అందులోని శక్తి ఎనిమిదో వంతుకి పడిపోతుంది. చుట్టూ చెట్లు, ఇళ్లు అడ్డుంటే ఎంత మంచి రెక్కలైనా దండగే.

• పైనుంచి పీల్చే చేతిపంపుకి నీళ్లు 7 మీటర్ల లోపే ఉండాలి. లోతు బోరైతే ఈ పద్ధతి మానుకోండి.

• స్తంభం ఎటు ఒరిగినా కరెంటు తీగకు తగలకూడదు. ఇందులో సర్దుబాటు లేదు.

• రెక్కల చట్రాన్ని ఇరుసుకి ఎక్కించి, చేత్తో మెల్లగా తిప్పి వదలండి. ప్రతిసారీ అదే రెక్క కిందికొచ్చి ఆగుతుందా? అది బరువెక్కువ. కొంచెం చెక్కి, మళ్లీ తిప్పి చూడండి. ఎక్కడ ఆగుతుందో చెప్పలేనంతగా కుదిరాకే పైకెత్తాలి. లేకపోతే మర ఊగిపోయి బేరింగులు అరుగుతాయి, బోల్టులు వదులవుతాయి.

• పచ్చి వెదురు, పుచ్చిన వెదురు వద్దు.

• ఈదురుగాలి వస్తే ఆపే ఏర్పాటు మొదటిరోజే ఉండాలి. తిరిగే రెక్కని చేత్తో ఆపబోవద్దు (కుర్రాళ్లు సరదాపడతారు, గట్టిగా చెప్పండి). రెక్కల్ని మోకుతో కట్టేశాకే ఎవరైనా పైకెక్కాలి.

• చుట్టూ కంచె వేయండి, గొడ్లు వస్తాయి.