అప్‌డేట్ తర్వాత గేమ్ కన్సోల్ మొరాయిస్తోందా? అది ఎవరి అప్‌డేటో ముందు తేల్చండి

"బాగానే ఉండేదండీ, అప్‌డేట్ చేశాకే పోయింది." చేతిలో పట్టుకుని ఆడే కన్సోల్ ఏదైనా సరే, సోనీ పీఎస్‌పీ కానివ్వండి, నింటెండో త్రీడీఎస్ కానివ్వండి, నింటెండో స్విచ్ కానివ్వండి, ఫిర్యాదు మాత్రం ఇదే. తిట్లన్నీ సోనీకో నింటెండోకో పడతాయి. విప్పి చూస్తే అసలు దోషి చాలాసార్లు ముందునుంచే లోపల కూర్చుని ఉంటాడు. పాత ఓనర్ చేయించిన జైల్‌బ్రేక్ (కంపెనీ పెట్టిన తాళాలు తీసేయడం) కావచ్చు, నకిలీ మెమరీ కార్డు కావచ్చు, క్రాక్ చేసేవాళ్లు వదిలిన "అప్‌డేట్" కావచ్చు. సెకండ్ హ్యాండ్‌లో కొన్న పీస్ అయితే ఈ అనుమానం మొదటే పెట్టుకోవాలి.

ముందు వెర్షన్ చూడండి

రీసెట్ కొట్టకండి, ఫార్మాట్ చేయకండి. మెషీన్ ఆన్ అవుతుంటే, లోపల ఉన్నది కంపెనీ సాఫ్ట్‌వేరా, ఇంకెవరిదైనానా అన్నది చూడటం నిమిషం పని.

పీఎస్‌పీలో సెట్టింగ్స్, అక్కణ్నుంచి సిస్టం సెట్టింగ్స్, అందులో సిస్టం ఇన్ఫర్మేషన్. వట్టి 6.60 అనో 6.61 అనో ఉంటే సరే. పక్కన "ప్రో" అనో "ఎంఈ" అనో తోక ఉంటే అది కస్టమ్ ఫర్మ్‌వేర్, అంటే కంపెనీది కాకుండా బయటివాళ్లు మార్చి వేసిన లోపలి సాఫ్ట్‌వేర్. త్రీడీఎస్‌లో సిస్టం సెట్టింగ్స్ తెరిస్తే పై స్క్రీన్‌లో కింద కుడి మూలన నంబర్ కనిపిస్తుంది. దాని ముందు "వెర్" అని ఉండాలి. "సిస్" అనో "ఎము" అనో ఉందంటే ఎవరో చెయ్యి పెట్టారు. ఆ నంబర్ చివరి అక్షరం రీజియన్‌ది: యూ అయితే అమెరికా, ఈ అయితే యూరప్, జే అయితే జపాన్. అమెరికా నుంచి బావగారు తెచ్చిన త్రీడీఎస్‌లో జపాన్ కార్ట్రిడ్జ్ నడవడం లేదంటే అది రీజియన్ లాక్, అంటే ఒక ప్రాంతం గేమ్ ఇంకో ప్రాంతం మెషీన్‌లో నడవకుండా పెట్టిన తాళం. అప్‌డేట్‌ను తిట్టి లాభం లేదు. స్విచ్‌లో వెర్షన్ నంబర్ పక్కన నిలువు గీత, ఆ తర్వాత ఏఎంఎస్ అనే అక్షరాలు ఉంటే అది అట్మాస్ఫియర్ అనే కస్టమ్ సాఫ్ట్‌వేర్ మీద నడుస్తున్నట్టు. అయితే తోక లేనంత మాత్రాన స్విచ్ శుభ్రంగా ఉందని అనుకోవడానికి లేదు. మామూలుగా బూట్ చేస్తే ఆ గుర్తు కనపడదు.

కస్టమ్ ఫర్మ్‌వేర్ ఉన్న ప్రతివాడూ దొంగ గేములు ఆడేవాడే అనుకోనక్కర్లేదు. సొంతంగా రాసుకున్న చిన్న ప్రోగ్రాముల కోసం, సేవ్ ఫైళ్ల బ్యాకప్ కోసం వేసుకునేవాళ్లూ ఉన్నారు. అప్‌డేట్ దగ్గరికొచ్చేసరికి మాత్రం ఇద్దరి తిప్పలూ ఒకటే.

షాపులో నలభై గేములున్నాయి, ఇంటికొచ్చాక ఒక్కటీ లేదు

పాత పీఎస్‌పీ కొన్నవాళ్లకు బాగా తెలిసిన అనుభవం ఇది. షాపులో మెమరీ స్టిక్ నిండా గేములు చూపిస్తారు. ఇంటికి తెచ్చి, బ్యాటరీ అయిపోయాక మళ్లీ ఆన్ చేస్తే జాబితా ఖాళీ, లేదంటే "కరప్టెడ్ డేటా" అన్న ముక్కలు. మీరు ఏ అప్‌డేటూ చేయలేదు. మెమరీ స్టిక్ కూడా పాడవలేదు.

పీఎస్‌పీ 3000 మోడల్లో, పీఎస్‌పీ గోలో, 2000లో తర్వాత వచ్చిన కొన్ని బోర్డుల్లో ఆ కస్టమ్ ఫర్మ్‌వేర్ సాధారణంగా శాశ్వతంగా కూర్చోదు. ర్యామ్‌లో ఉన్నంతసేపే దాని ఆట. స్లీప్‌లో పెడితే ఉంటుంది, పూర్తిగా ఆఫ్ అయితే పోతుంది. మళ్లీ ఆన్ చేసినప్పుడు లేచేది సోనీ అసలు ఫర్మ్‌వేరే. దానికి డిస్కు నుంచి కాపీ చేసిన గేమ్ ఫైళ్లు కంటికే ఆనవు. షాపువాళ్లు మీకు చూపించేటప్పుడు దాన్ని ఒకసారి లేపి పెట్టి ఉంటారు, అంతే.

ఆ నలభై గేములను తిరిగి తెప్పించడం ఎలాగో ఇక్కడ చెప్పను. అవి డబ్బులిచ్చి కొన్నవి కావు. మన కాపీరైట్ చట్టంలో 2012 సవరణతో 65ఏ సెక్షన్ చేరింది. హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో సాంకేతిక తాళాన్ని దాటవేస్తే రెండేళ్ల వరకు జైలు, జరిమానా ఉన్నాయి. పీఎస్‌పీని మామూలు స్థితికి తేవడం మాత్రం తేలిక. సోనీ చివరి ఫర్మ్‌వేర్ 6.61 వేస్తే పాత తోక పోతుంది, పీఎస్‌పీ గేములు వచ్చే చిన్న యూఎండీ డిస్కులు హాయిగా నడుస్తాయి.

ఇక్కడ ఇంకో చిక్కుంది. నెట్‌వర్క్ అప్‌డేట్ నొక్కితే ఇంట్లో వైఫైకి అసలు కనెక్టే కాదు. పీఎస్‌పీ వైఫై పాత 802.11బీ కాలంది, సెక్యూరిటీలో డబ్ల్యూపీఏ దాకే తెలుసు. ఇప్పటి రూటర్లు డబ్ల్యూపీఏ2 మీదో, ఆపైనో ఉంటాయి. రూటర్ సెక్యూరిటీ తగ్గించే సాహసం వద్దు. సోనీ సపోర్ట్ సైట్ నుంచి ఈబూట్ అనే అప్‌డేట్ ఫైలు కంప్యూటర్‌లోకి దించి, మెమరీ స్టిక్‌లో పీఎస్‌పీ ఫోల్డర్, అందులో గేమ్ ఫోల్డర్, దానిలో అప్‌డేట్ అనే ఫోల్డర్ చేసి అక్కడ పెట్టండి. ఫోల్డర్ పేర్లన్నీ ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లో ఉండాలి. తర్వాత పీఎస్‌పీ గేమ్ మెనూలోంచి దాన్ని నడపండి.

అప్పుడు కూడా "బ్యాటరీ చాలదు" అని మొండికేస్తే, ఛార్జర్ పెట్టి ఉంది కదా అని వాదించకండి. అప్‌డేట్‌కు ఛార్జరూ కావాలి, బ్యాటరీలో తగినంత ఛార్జింగూ కావాలి. ఇన్నేళ్ల పాత బ్యాటరీకి అంత జీవం ఉండదు. వెనక మూత ఉబ్బెత్తుగా లేచి ఉంటే బ్యాటరీ ఉబ్బినట్టే. తీసి పక్కన పెట్టి కొత్తది కొనండి.

గేమ్ పెట్టగానే అప్‌డేట్ అడుగుతోంది

నెట్ కనెక్షనే లేదు, మరి అప్‌డేట్ ఎక్కణ్నుంచి వచ్చింది? గేమ్‌లోంచే. పీఎస్‌పీ యూఎండీల్లోనే ఈ ఏర్పాటు ఉంది, త్రీడీఎస్, స్విచ్ కార్డుల్లోనూ ఉంది. కారణం పైరసీయే. 2004 డిసెంబరులో జపాన్‌లో వచ్చిన పీఎస్‌పీ 1.00 ఫర్మ్‌వేర్ సోనీ సంతకం లేని ప్రోగ్రాములను కూడా నడిపేసేది. ఆ తర్వాతి కథంతా సోనీ ఒక కన్నం మూయడం, హ్యాకర్లు ఇంకోటి వెతకడం. ఒకసారి టిఫ్ బొమ్మ ఫైలు తెరవడంలో దొరికింది, ఇంకోసారి ఒక గేమ్ సేవ్ ఫైలులో. నెట్‌కు ఎప్పుడూ కలవని మెషీన్లకు కూడా మందు అందాలంటే కొత్త గేముతోపాటే పంపాలి. డబ్బులిచ్చి గేమ్ కొన్నవాడికి ఇది విసుగే, కాదనను. కానీ కంపెనీ చేతిలో ఉన్న దారి అదే.

మెషీన్‌లో ఎవరూ చెయ్యి పెట్టలేదని పైన తేలితే అప్‌డేట్ చేసేయండి, టెన్షన్ అక్కర్లేదు. తోక కనిపించిన మెషీన్ అయితే ఏ కస్టమ్ సాఫ్ట్‌వేర్ ఉందో, ఎవరు వేశారో తెలిసేదాకా ఆగండి.

స్విచ్‌లో ఇంకో తికమక ఉంది. సెట్టింగ్స్‌లో ఆటో అప్‌డేట్ ఆపేశాం, అయినా సిస్టం అప్‌డేట్ దిగుతూనే ఉంది అంటారు. ఆ సెట్టింగ్ గేముల అప్‌డేట్లకు మాత్రమే. సిస్టం అప్‌డేట్ నెట్ ఉంటే స్లీప్‌లో కూడా దానంతట అదే డౌన్‌లోడ్ అవుతుంది. ఇన్‌స్టాల్ చేసేముందు మాత్రం మిమ్మల్ని అడుగుతుంది.

కొత్తగా 128 జీబీ మైక్రోఎస్‌డీ పెట్టగానే అప్‌డేట్ అడిగితే అదీ మామూలే. 64 జీబీ, ఆపైన కార్డులు ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో వస్తాయి. దాన్ని చదివే భాగం స్విచ్‌లో మొదట ఉండదు, అప్‌డేట్‌తో వస్తుంది.

గేములు మాత్రం పదేపదే "కరప్ట్" అంటుంటే కార్డునే అనుమానించండి. సిస్టం అప్‌డేట్ లోపలి మెమరీలోకి వెళ్తుంది. గేములు, వాటి అప్‌డేట్లు వెళ్లేది కార్డులోకి. చవగ్గా దొరికిన 512 జీబీ కార్డు లోపల 32 జీబీ చిప్ ఉండి, పైకి 512 అని అబద్ధం చెప్పే రకం కావచ్చు. 32 నిండేదాకా అంతా బాగుంటుంది, ఆ తర్వాత రాసిందల్లా గాల్లో కలిసిపోతుంది. కంప్యూటర్‌లో కార్డును పరీక్షించే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ కానీ ఎఫ్3 కానీ నడిపితే గుట్టు బయటపడుతుంది. సేవ్ ఫైళ్లు లోపలి మెమరీలోనే ఉంటాయి కాబట్టి కార్డు మారిస్తే మీ ఆట ఎక్కడికీ పోదు.

స్క్రీన్ నల్లగా ఉంది, ఎంత నొక్కినా లేవడం లేదు

స్విచ్ అయితే కంగారు పడకముందు ఒక గంట ఛార్జింగ్ పెట్టండి. పవర్ బటన్ కనీసం 12 సెకన్లు పట్టుకుని వదిలి, మళ్లీ ఒకసారి నొక్కండి. లోగో వచ్చి ఆగిపోతుంటే ఆఫ్ చేసి, రెండు వాల్యూమ్ బటన్లూ పట్టుకుని పవర్ నొక్కితే మెయింటెనెన్స్ మోడ్ వస్తుంది. అందులో ముందు సిస్టం అప్‌డేట్ ప్రయత్నించండి. కుదరకపోతే సేవ్ డేటా తుడవకుండా ఇనిషియలైజ్ చేసేదాన్ని ఎంచుకోండి. మూడో దానికి, అంటే మొత్తం తుడిచేదానికి, తొందరపడకండి.

లోగో కూడా రాకపోతే యూఎస్‌బీ కేబుల్‌తో విండోస్ కంప్యూటర్‌కు పెట్టి డివైస్ మేనేజర్ చూడండి. అక్కడ "ఏపీఎక్స్" అనే పేరు కనిపిస్తే మెషీన్ చావలేదు, రికవరీ మోడ్‌లో ఉంది. 2018 ఏప్రిల్‌లో స్విచ్ ప్రధాన చిప్ టెగ్రాలో, ఆన్ చేయగానే మొదట నడిచే బూట్‌రామ్ కోడ్‌లో ఒక లోపం బయటపడింది. బూట్‌రామ్ చిప్‌లోనే అచ్చయి ఉంటుంది కాబట్టి ఏ అప్‌డేటూ దాన్ని మూయలేదు. ఆ ఏడాది మధ్య నుంచి తయారైన చిప్‌లలోనే సరిచేశారు. పాత పీసుల్లో కొందరు, ఆన్ చేసిన ప్రతిసారీ ఈ రికవరీ మోడ్‌కే వెళ్లేలా పెట్టుకునేవారు. బయటికి అది చచ్చిన మెషీన్‌లాగే కనిపిస్తుంది. పాత ఓనర్‌ను అడగండి, లేదా స్విచ్ బోర్డులు తెలిసినవాళ్లకు చూపించండి. దానికి బోర్డు మార్చాల్సిన పని లేదు.

అలా ఎందుకు పెట్టుకునేవారంటే, ఫ్యూజుల భయం: మామూలుగా లేస్తే అప్‌డేట్ వాటిని కాల్చేస్తుంది, రికవరీ మోడ్ దారిలో లేపితే ఆపుకోవచ్చు. స్విచ్ చిప్‌లో ఒకసారి కాలితే మళ్లీ అతకని సూక్ష్మమైన ఫ్యూజులుంటాయి. అప్‌డేట్లలో కొన్ని ఒక్కో ఫ్యూజును కాలుస్తాయి: 2.0.0కి రెండు, 3.0.0కి మూడు, 4.0.0కి ఐదు కాలి ఉండాలి. ఉండాల్సిన దానికంటే ఎక్కువ కాలి ఉంటే, వెనక్కి పాత ఫర్మ్‌వేర్ వేశారని గుర్తించి బూట్‌లోడర్ (సిస్టంను లేపే ప్రోగ్రాం) అక్కడే ఆగిపోతుంది. ఇలా ఆగిన మెషీన్‌కు సరైన మందు వెనక్కి వెళ్లడం కాదు, ఫ్యూజుల లెక్కకు సరిపోయే ఫర్మ్‌వేర్ తిరిగి వేయించడం.

ఇక నిజంగా కన్సోళ్లను చంపిన "అప్‌డేట్లు" చూడండి. 2005 అక్టోబరులో పీఎస్‌పీని 2.0 నుంచి 1.5కి దించుతానంటూ ఒక ఫైలు తిరిగింది. నడిపినవాళ్ల సిస్టం ఫైళ్లను అది తుడిచేసింది. యాంటీవైరస్ కంపెనీలు దాన్ని ట్రోజన్ల జాబితాలో చేర్చాయి. 2014 మొదట్లో త్రీడీఎస్ పైరసీ కార్డు గేట్‌వే సాఫ్ట్‌వేర్‌లో ఇంకో కోడ్ దొరికింది. తమ కార్డుకు ఎవరో నకిలీ చేశారని అనిపిస్తే, కన్సోల్ మెమరీ చిప్‌కే పాస్‌వర్డ్ తాళం వేసేది. దొంగ సరుకుకు నకిలీ వస్తే దొంగకు అంత కోపం! 2018లో స్విచ్ కోసం టీమ్ ఎగ్జిక్యూటర్ అనే ముఠా అమ్మిన ఎస్ఎక్స్ ఓఎస్ అనే కస్టమ్ సాఫ్ట్‌వేర్‌లోనూ అలాంటి తాళమే బయటపడింది. ఆ ముఠాలో ఒకడైన గ్యారీ బౌజర్‌కు 2022లో అమెరికా కోర్టు 40 నెలల శిక్ష వేసింది. చిప్‌కు తాళం పడిన త్రీడీఎస్‌లకు బోర్డుకు సన్నని తీగలు సోల్డర్ చేసి తాళం తీసే పద్ధతి తర్వాత వచ్చింది కానీ, అది ఇంట్లో స్క్రూడ్రైవర్‌తో చేసే పని కాదు.

ఆట నడుస్తోంది, ఆన్‌లైన్‌కు మాత్రం వెళ్లడం లేదు

వైఫై తప్పు కాదని తేలితే ఎర్రర్ నంబర్ రాసుకోండి. త్రీడీఎస్‌లో (ఆన్‌లైన్ ఆట ఉన్న రోజుల్లో) 002-0102, స్విచ్‌లో 2124-4007 అయితే అది నిషేధం. నింటెండో సర్వర్ మీ మెషీన్‌ను వెలివేసింది. ప్రతి స్విచ్‌కూ తయారీలోనే ఒక డిజిటల్ సర్టిఫికెట్ పెడతారు, నిషేధం దాని మీద పడుతుంది. అందుకే కొత్త అకౌంట్ తెరిచినా, ఫ్యాక్టరీ రీసెట్ చేసినా, వైఫై మార్చినా ఉపయోగం లేదు. ఎవరైనా డబ్బులు తీసుకుని బ్యాన్ తీసేస్తామంటే నమ్మకండి. పాత స్విచ్‌లో ఆఫ్‌లైన్ ఆటలు మాత్రం యథావిధిగా నడుస్తాయి.

త్రీడీఎస్‌లో ఈషాప్‌లో (నింటెండో ఆన్‌లైన్ దుకాణం) ఏమీ కొనలేకపోతే మాత్రం కంగారు వద్దు. కొనుగోళ్లు 2023 మార్చిలోనే అందరికీ ఆగిపోయాయి. ఆన్‌లైన్ ఆట 2024 ఏప్రిల్‌లో ఆగింది.

అమాయకులు ఇరుక్కునే దారి ఒకటుంది. స్విచ్ కార్ట్రిడ్జ్‌లకు కూడా ఒక్కోదానికి విడి సర్టిఫికెట్ ఉంటుంది. ఒకడు గేమ్ కొని, దాన్ని కాపీ చేసుకుని పైరసీ కార్డులో ఆడుతూ, అసలు కార్ట్రిడ్జ్‌ను సెకండ్ హ్యాండ్‌లో అమ్మేస్తాడు. ఒకే సర్టిఫికెట్ రెండుచోట్ల కనిపిస్తే సర్వర్‌కు అనుమానం వస్తుంది, దెబ్బ మీకూ తగలొచ్చు. అప్పుడు చేయాల్సిందల్లా కొన్న రసీదు, అమ్మినవాళ్లతో జరిపిన మెసేజ్‌లు, కార్ట్రిడ్జ్ రెండువైపులా ఫొటోలు పట్టుకుని నింటెండో సపోర్ట్‌కు రాయడం. పాత గేములు కొనేటప్పుడే ఇవన్నీ దాచిపెట్టుకోండి.

2025 జూన్‌లో వచ్చిన స్విచ్ 2లో ఈ కాపీ కార్డులు వాడినవాళ్ల మెషీన్లు వారాల్లోనే ఆన్‌లైన్‌కు దూరమయ్యాయి. అంతకు ముందు నెలలోనే నింటెండో తన ఒప్పందాన్ని మార్చి, అనధికార మార్పులు చేసిన పరికరాన్ని పనికిరాకుండా చేసే హక్కు తనకు ఉందని రాసుకుంది. స్విచ్ 2లో కొన్ని గేమ్ కార్డుల్లో అసలు గేమే ఉండదు, నెట్ నుంచి దించుకోవాలి. నిషేధం పడ్డ మెషీన్‌లో అవి ఉత్త ప్లాస్టిక్ ముక్కలు. కాబట్టి సెకండ్ హ్యాండ్ స్విచ్ 2 కొనేటప్పుడు మీ ఫోన్ హాట్‌స్పాట్ ఇచ్చి, మీ కళ్లముందే ఈషాప్ తెరిపించండి. "నెట్ తర్వాత చూసుకోండి, ఆటైతే సూపర్‌గా ఉంది" అన్నారంటే డబ్బు జేబులోనే ఉంచుకుని బయటికి రండి.