అంబాసిడర్ బంపర్లకు, రింగులకు మళ్లీ క్రోమ్ వేయించడం ఎలా

పాత కారు బాగు చేయించేవాళ్లు ఇంజనుకీ పెయింటుకీ ఎంతైనా పోస్తారు గానీ, బంపర్లు, లైట్ రింగులు, డోర్ హ్యాండిళ్ల దగ్గరకొచ్చేసరికి "ప్లేటింగ్ షాపులో ఇచ్చేస్తే మెరిసిపోతాయిలే" అని వదిలేస్తారు. విజయనగరంలో మా నాన్నగారి 1978 మోడల్ అంబాసిడర్‌కి నేనూ మొదటిసారి అలాగే ఇచ్చేశాను. మూడు నెలల్లో వెనక బంపర్ మీద పొక్కులు లేచాయి, ఆర్నెల్లకి గోటితో గీరితే రేకుల్లా ఊడొచ్చింది. రెండోసారి ప్రతి పార్టునూ చేత్తో తడిమి చూసుకుంటూ, ఏ దశలో ఏం చేస్తున్నారో దగ్గరుండి అడుగుతూ చేయించాను. నాలుగేళ్లయింది, ఇంకా అందులో ముఖం చూసుకోవచ్చు.

తేడా ఎక్కడుందంటే, క్రోమ్ పొర మందం మామూలుగా ఒక మైక్రాన్ కూడా ఉండదు, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు కన్నా తక్కువ. అంత పల్చటి పొర ఏ గీతనీ ఏ గుంటనీ కప్పలేదు. దాని కింద నికెల్ ఉంటుంది, మంచి పనిలో 10 నుంచి 30 మైక్రాన్ల దాకా. మెరుపూ అదే ఇస్తుంది, తుప్పునీ అదే ఆపుతుంది. నికెల్ కింద రాగి. రాగి కింద మీ బంపర్ రేకు. రేకు మీద గీత ఉంటే పైన మూడు పొరలు వేసినా ఆ గీత అలాగే కనిపిస్తుంది, ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అందుకే అసలు పని, పార్టును ప్లేటింగ్ తొట్టెలో ముంచక ముందే అయిపోవాలి.

ముందు, ప్లేటింగ్ అక్కర్లేని పార్టును ప్లేటింగ్‌కి పంపకండి. షాంపూ నీళ్లతో కడిగి, వంటింట్లో వాడే అల్యూమినియం ఫాయిల్‌ను ఉండలా చేసి నీళ్లలో ముంచి మెల్లగా రుద్దండి. అల్యూమినియం క్రోమ్ కన్నా మెత్తన కాబట్టి గీతలు పడవు, పైపై తుప్పు మరకలు నల్లటి నీళ్లుగా దిగిపోతాయి. సూది మొనంత చుక్కలు మాత్రమే మిగిలితే ఆరబెట్టి వ్యాక్స్ పట్టించి వాడుకోండి. గిన్నెలు తోమే స్టీల్ పీచు మాత్రం దగ్గరకి రానివ్వకండి. పొక్కులు లేచినా, అంచులు ఊడుతున్నా, ఎర్రటి రేకు కనిపిస్తున్నా అప్పుడు ప్లేటింగే దారి.

తర్వాత ఏ పార్టు ఏ లోహమో తేల్చుకోవాలి, ఇది చాలామంది చెయ్యరు. పాత స్పీకర్‌లోంచి తీసిన అయస్కాంతం చాలు. బంపర్‌కి గట్టిగా పట్టుకుంటుంది, అది ఇనుము. అయస్కాంతం పట్టుకోకుండా చేతిలో బరువుగా ఉండి, వెనకవైపు ఆకురాయితో గీస్తే బూడిద రంగులో మెత్తగా ఉంటే అది జింకు పోత, షాపుల్లో మజాక్ అంటారు. మోనోగ్రాములు (బండి పేరు రాసి ఉండే అక్షరాల ముక్కలు), హ్యాండిళ్లు, కొన్ని లైట్ రింగులు ఇలా ఉంటాయి. తేలిగ్గా ఉంటే అల్యూమినియం. ఇక పక్కన పొడుగ్గా వెళ్లే బీడింగులు చాలావరకు స్టెయిన్‌లెస్ స్టీల్, వాటికి క్రోమ్ వేసే పనే లేదు, పాలిష్ చేస్తే చాలు. స్టెయిన్‌లెస్‌లో అయస్కాంతం పట్టే రకం కూడా ఉంది కాబట్టి పట్టుకుంది గనక ఇనుమే అని ఒక్క పరీక్షతో తీర్మానించకండి, వెనకవైపు తుప్పు ఉందో లేదో చూడండి.

లోహం తెలుసుకోకపోతే ఏమవుతుందో నాకు తెలుసు. పాత క్రోమ్ తీసేద్దామని ఒక లైట్ రింగును బాత్రూం కడిగే యాసిడ్‌లో వేశాను. అది మజాక్. బుసబుసా పొంగింది, పది నిమిషాల్లో బయటికి తీసేసరికి అంచంతా చెదపట్టిన కర్రలా తినేసి ఉంది. అలాంటి రింగు ఇంకోటి దొరకడానికి నాకు ఏడాది పట్టింది. దయచేసి ఇంట్లో యాసిడ్ పని పెట్టుకోకండి. ఇంట్లోనే క్రోమ్ వేసుకుందాం అనే ఆలోచన అసలే వద్దు. క్రోమ్ తొట్టెలో మామూలుగా వాడే క్రోమిక్ యాసిడ్ క్యాన్సర్ తెచ్చే పదార్థం, మజాక్ మీద మొదటి రాగి పొర వేసే తొట్టెలో చాలాచోట్ల సయనైడ్ ఉంటుంది, దానికి యాసిడ్ తగిలితే వచ్చే గాలి పీలిస్తే ప్రాణం పోతుంది. ఆ నీళ్లు కాలవలో పోస్తే ఊరికి చేటు. అది తెలిసినవాళ్లు, సరైన ఏర్పాట్లున్న చోట చేయాల్సిన పని.

విప్పడానికి తొందరపడకండి. బంపర్ బోల్టులకు ముందు రోజు రాత్రే తుప్పు వదిలే ఆయిల్ కొట్టి ఉంచండి. మోనోగ్రాముల వెనక ఉండే పిన్నులు మజాక్‌వే, స్క్రూడ్రైవర్‌తో పైకి తన్నితే పుటుక్కున విరుగుతాయి. డిక్కీ లోపలి నుంచి క్లిప్పు తీసి వెనక నుంచి నెట్టాలి. విప్పిన ప్రతి ముక్కనీ పక్కన స్కేలు పెట్టి ముందూ వెనకా ఫొటో తీయండి, ఒక కాగితం మీద లెక్క రాసి షాపువాళ్ల చేత సంతకం పెట్టించుకోండి. చిన్న స్క్రూలు, వాషర్లు షాపులో పోయాయంటే మళ్లీ దొరకవు. చుట్టి పెట్టడానికి మన దగ్గర గోనె సంచులు సులువుగా దొరుకుతాయి గానీ అవి తేమ పీల్చుకుంటాయి, పాత నూలు చీర ముక్కలు నయం.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన విషయం, పనుల వరుస. ముందు షాపులో పాత క్రోమ్, నికెల్ పూర్తిగా దింపించండి, ఆ తర్వాతే టింకరింగ్. పాత ప్లేటింగ్ మీదే వెల్డింగ్ పెడితే వచ్చే పొగ మంచిది కాదు, వెల్డు కూడా శుభ్రంగా పట్టదు. దింపిన రేకును తీసుకొచ్చి సొట్టలు వెనక నుంచి చిన్న సుత్తితో నెమ్మదిగా ఎత్తించాలి, చిల్లులు వెల్డు చేయించి గ్రైండ్ చేయించాలి. టింకరింగ్ మేస్త్రికి గట్టిగా చెప్పాల్సింది ఒకటే, లప్పం పెట్టొద్దని. ప్లేటింగ్ అంటే కరెంటు పారితే పట్టేది, లప్పంలో కరెంటు పారదు, దాని మీద ఏ పొరా నిలవదు. నా మొదటి బంపర్ పొక్కుల్లో సగం అలాంటి చోట్లే లేచాయి. బోసి ఇనుము మన సముద్రపు గాలికి ఒక్క రాత్రిలో ఎర్రబడుతుంది, అందుకే పనికీ పనికీ మధ్య పల్చగా నూనె రాసి ఉంచండి.

తర్వాత రుద్దుడు. 120 నంబరు ఎమరీ పేపర్‌తో మొదలుపెట్టి 220, 320, 400, 600 వరకు. ఒక నంబరు అడ్డంగా రుద్దితే తర్వాతి నంబరు నిలువుగా రుద్దండి, ముందు నంబరు గీతలు ఒక్కటి కూడా మిగలకుండా పోయాకే ముందుకెళ్లాలి. చేతులు పడిపోతాయి, నిజమే. ఇత్తడి పాత్ర ఎంత రుద్దితే అంత తేలుతుందని శ్రీకాకుళం జిల్లా బుడితి ఇత్తడి పనివాళ్లకు వేరే చెప్పక్కర్లేదు కదా, ఇక్కడా అంతే. ఆఖర్న షాపులో బఫింగ్ చక్రం మీద తేలుస్తారు. మీరే బఫ్ పెట్టాలనుకుంటే పార్టును చక్రం కింది భాగానికే ఆనించండి, పై అంచుకి తగిలితే చేతిలోంచి లాక్కుని విసిరేస్తుంది. కళ్లద్దాలు పెట్టుకోండి, వేలాడే చొక్కా చేతులు వద్దు. మోనోగ్రాముల అక్షరాలను మాత్రం చక్రానికి ఇవ్వొద్దని మరీ మరీ చెప్పండి. ఒక షాపులో నా మోనోగ్రాం అక్షరాల అంచులు సబ్బు బిళ్లలా అరగదీసి ఇచ్చారు, ఎంత మెరిసినా దాన్ని చూస్తే ఇప్పటికీ బాధేస్తుంది.

షాపు ఎంచుకునేటప్పుడు ధర కన్నా ముందు అడగాల్సింది, రాగి వేస్తారా లేదా అని. "డైరెక్ట్ నికెల్ కొట్టేస్తాం" అంటే గుంటలున్న పాత బంపర్‌కి అది సరిపోదు. తుప్పు తిన్న గుంటలు నిండాలంటే రాగి మందంగా వేసి, మళ్లీ ఎమరీ పట్టి, అవసరమైతే మళ్లీ రాగి వేయాలి. వీలైతే రాగి దశలో ఒకసారి వెళ్లి చూసి రండి, ఎర్రటి రాగి అద్దంలా ఉంటేనే నికెల్‌కి ఒప్పుకోండి. నేను పార్టులు బస్సులో విశాఖ తీసుకెళ్లాను, ఆ ఒక్క చూపు కోసం ఇంకోసారి వెళ్లడం వృథా కాలేదు. ముందు వెనక బంపర్లు, రింగులు అన్నీ ఒకే షాపులో ఒకేసారి ఇవ్వండి, ఒకచోట క్రోమ్ నీలి ఛాయలో, ఇంకోచోట కాస్త మబ్బుగా వస్తుంది. స్ప్రింగులకీ, బరువు మోసే బోల్టులకీ మెరుపు కోసం ప్లేటింగ్ వేయించకండి, ఆ పనిలో ఉక్కు హైడ్రోజన్ పీల్చుకుని పెళుసై విరిగే ప్రమాదం ఉంది.

స్టెయిన్‌లెస్ బీడింగ్ పని ఇంట్లోనే అవుతుంది. లోపలివైపు నుంచి చెక్క ముక్క ఆనించి సొట్ట ఎత్తి, 400 నుంచి 1000 వరకు వాటర్ పేపర్, తర్వాత ఆకుపచ్చ పాలిష్ సబ్బుతో బఫ్. అంతే.

బిగించేముందు బంపర్ వెనకవైపు చూడండి. లోతైన మూలల్లోకి కరెంటు సరిగా చేరదు కాబట్టి అక్కడ ప్లేటింగ్ పల్చగా ఉంటుంది, తుప్పు అక్కడి నుంచే ముందుకొస్తుంది. జింక్ ప్రైమర్, దాని మీద సిల్వర్ పెయింటు రెండు కోట్లు వేయండి. బోల్టు తగిలే చోట రబ్బరు వాషర్లు పెట్టి, అన్ని బోల్టులూ కొంచెం కొంచెంగా వంతులవారీగా బిగించండి, ఒక్కదాన్నే లాగి బిగిస్తే క్రోమ్ చిట్లుతుంది.

దసరా తర్వాత మా విజయనగరంలో జరిగే సిరిమాను పండగ నాటికి బండి రోడ్డెక్కాలనుకుంటే వేసవి మొదట్లోనే విప్పేయండి, వానల్లో పని పెట్టుకుంటే రేకు ఆరదు, పెయింటు ఆరదు. భీమిలి వైపో కళింగపట్నం వైపో సముద్రం పక్కన తిరిగొస్తే ఆ రోజే మంచినీళ్లతో కడిగి, పొడి గుడ్డతో తుడిచి పెట్టండి. రెండు నెలలకోసారి వ్యాక్స్, తుఫాను హెచ్చరిక వస్తే బంపర్ల వెనక ఒకసారి నూనె గుడ్డ.