రెండు నెలలు పడుకున్న మోటారును లేపడం

జూన్ 14 సాయంత్రం విశాఖ పెద్ద జాలరిపేట ఇసుకలో నిలబడితే గంగమ్మ హోరును మించి ఇంకో చప్పుడు వినిపిస్తుంది. తాడు లాగే చప్పుడు. ఏప్రిల్ 15న మొదలైన చేపల వేట నిషేధం 61 రోజులు నడిచి ఆ అర్ధరాత్రితో తీరిపోతుంది. తెల్లారేసరికి సముద్రం లోపలికి వెళ్ళాలని అందరికీ ఆత్రం. అప్పుడు గుర్తొస్తుంది, గుడ్డ కప్పి మూల పడేసిన అవుట్‌బోర్డ్ మోటారు, అదే తెప్ప వెనక తగిలించేది. నలభైసార్లు తాడు లాగి, భుజం పట్టేశాక నా షెడ్డుకి కబురు పంపుతారు.

ఇరవై ఏళ్ళకు పైగా ఇదే పని చేస్తున్నాను. నిషేధం అయ్యాక స్టార్ట్ కాని మోటార్లలో నిజంగా చెడిపోయినవి తక్కువే. ఏప్రిల్‌లో లోపల వదిలేసిన పెట్రోలో, రెండు నెలల ఉప్పుగాలో వాటిని పట్టేసి ఉంటాయి. కాబట్టి పదిసార్లు లాగినా పలకకపోతే పదకొండోసారి లాగకండి. కూర్చోండి. నేను చెప్పబోయేది చిన్న రెండు సిలిండర్ల టూ స్ట్రోక్ పెట్రోలు మోటార్ల గురించి, 9.9, 15 హార్స్‌పవర్ లాంటివి. మన ఫైబర్ తెప్పలకు ఎక్కువగా ఉండేవి అవే కదా.

ముందు ఎర్ర క్లిప్పు చూడండి. స్టాప్ స్విచ్‌కి తాడుతో వేలాడే ప్లాస్టిక్ ముక్క. అది సరిగ్గా కూర్చోకపోతే ప్లగ్గులో మంట (స్పార్క్) పుట్టదు, మీరు దేవుణ్ణి పిలిచినా సరే. మూడేళ్ళ కిందట మా బావమరిది మోటారును మధ్యాహ్నమంతా విప్పాను. ప్లగ్గులు మార్చాను, కార్బొరేటర్ కడిగాను. చివరికి వాళ్ళ చిన్నవాడు వచ్చి, "మావయ్యా, ఈ ఎర్రది నా దగ్గరుంది, ఆడుకోడానికి తీసుకున్నాను" అన్నాడు. అప్పటినుంచి షెడ్డులోకి ఏ మోటారు వచ్చినా నా చెయ్యి మొదట ఆ క్లిప్పు మీదికే పోతుంది. దాని తర్వాత గేరు న్యూట్రల్‌లో ఉందా చూడండి. గేరులో ఉంటే చాలా మోటార్లలో తాడే కదలదు. అది చూసి ఇంజను పట్టేసిందని ఏడ్చినవాళ్ళున్నారు.

ఇక పెట్రోలు. టాంకు మూత మీది గాలి స్క్రూ విప్పండి. పైపు మధ్యలోని రబ్బరు బల్బు మీద బాణం గుర్తుంటుంది, అది మోటారు వైపు చూడాలి. బల్బును కొంచెం నిలువుగా పట్టుకుని గట్టిపడేదాకా పిసకండి. ఎంత పిసికినా మెత్తగానే ఉంటే ఎక్కడో గాలి పీలుస్తోంది. ఎక్కువసార్లు టాంకు దగ్గరి కనెక్టర్‌లో ఉండే చిన్న రబ్బరు రింగు ఎండి పగిలి ఉంటుంది. పిసుకుతుంటే కార్బొరేటర్ నుంచి పెట్రోలు కారుతోందంటే లోపలి ఫ్లోట్ సూది, అంటే పెట్రోలును ఆపి వదిలే ముక్క, తెరుచుకుని ఇరుక్కుంది. బల్బు వెంటనే రాయిలా గట్టిపడి ఇంజనుకు మాత్రం చుక్క అందకపోతే సూది మూసుకుని ఇరుక్కుని ఉండొచ్చు. రెండింటికీ నా మొదటి వైద్యం ఒకటే. స్క్రూడ్రైవర్ పిడితో కార్బొరేటర్ గిన్నె మీద నాలుగుసార్లు నెమ్మదిగా తట్టడం. పిల్లాడి వీపు తట్టినట్టు, సుత్తితో కాదు.

పెట్రోలు ఏప్రిల్ నాటిదైతే దాన్ని నమ్మకండి. ఇప్పుడు బంకుల్లో దొరికేది ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ గాలిలోని చెమ్మను పీలుస్తుంది. మన ఊరి మే నెల గాలిలో చెమ్మకు కొదవా? చెమ్మ ఎక్కువైతే నీళ్ళూ ఇథనాలూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకు దిగుతాయి. పైపు నోరు ఉండేది సరిగ్గా ఆ అడుగునే. పారదర్శకమైన సీసాలో ఒక గ్లాసు టాంకు అడుగునుంచి పట్టి పావుగంట కదపకుండా పెట్టండి. కింద వేరే పొర తేలితే టాంకు మొత్తం ఖాళీ చేయాల్సిందే. ఆ పాత పెట్రోలును ఇసుకలో పోయకండి, డబ్బాలో పట్టి మెకానిక్‌కి ఇవ్వండి. వాసన కూడా చెప్తుంది, పాతబడిన పెట్రోలు పుల్లగా, వార్నిష్‌లా కొడుతుంది.

కొత్తది పోసేటప్పుడు ఆయిల్ లెక్క తప్పకండి. 50కి 1 అంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు, పది లీటర్ల టాంకుకి 200. మీ మోటారు పుస్తకంలో వేరే లెక్కుంటే దాన్నే పట్టండి. బైకులకు పోసే టూటీ ఆయిల్ కాదు, డబ్బా మీద టీసీ డబ్ల్యూ 3 అని రాసి ఉన్న బోటు ఆయిల్ పోయండి.

ఇప్పుడు ప్లగ్గులు విప్పి చూడండి. పొడిగా ఉంటే పెట్రోలు అందడం లేదు. తడిగా ఉంటే అందుతోంది గానీ మండటం లేదు, లేదా మీరే లాగి లాగి పెట్రోలులో ముంచేశారు. ముంచేస్తే చోక్ లోపలికి నొక్కి, యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి, క్లిప్పు తీసేసి, ప్లగ్గులు లేకుండానే ఓ పదిసార్లు తాడు లాగి పొగరు దింపండి. ఆ పెట్రోలు ఆవిరిలో బీడీ వెలిగించేవాడు దగ్గరుండకూడదు, ఇది నవ్వులాటకు చెప్పడం లేదు. తర్వాత ప్లగ్గులు తుడిచి, వాటి కొనల మధ్య ఖాళీ చూసుకోండి. నేను చూసే మోటార్లకు సుమారు 1 మిల్లీమీటర్.

మంట చూడాలంటే పెట్రోలు ఆవిరి పోయాక, క్లిప్పు పెట్టి, ప్లగ్గు టోపీకి ప్లగ్గు తగిలించి, దాని లోహం ఇంజను లోహానికి ఆనించి, రబ్బరు పట్టుకుని ఇంకొకరితో తాడు లాగించండి. ప్లగ్గు రంధ్రానికి దూరంగా పెట్టండి. నీలంగా చిటుక్కుమంటే మంచిది. ఏమీ రాకపోతే ముందు ఎర్త్ వైరు బోల్టులు చూడండి, ఆకుపచ్చ పొడి పట్టి ఉంటాయి. ఉప్పుకాగితంతో రుద్ది బిగించండి. అప్పటికీ లేకపోతే స్టాప్ స్విచ్ వైరు ఊడదీసి ఇంకోసారి చూడండి. ఇప్పుడు మంట వస్తే స్విచ్ పాడైంది, రాకపోతే కాయిలో ఇంకేదో పోయింది, అది షెడ్డు పని. ఊడదీసిన వైరుతో సముద్రంలోకి మాత్రం పోవద్దు, మోటారు ఆపడానికి ఏమీ ఉండదు.

మంట బాగుంది, పెట్రోలు కొత్తది, అయినా దగ్గి ఆగిపోతోందా? కార్బొరేటర్ జెట్, అంటే పెట్రోలు పోయే సన్న రంధ్రం ఉన్న ముక్క, మూసుకుని ఉండొచ్చు. రెండు నెలలు గిన్నెలో ఎండిన పెట్రోలు బంకగా మారుతుంది. గిన్నె కింది డ్రెయిన్ స్క్రూ విప్పి ఏం వస్తుందో చూడండి. తేనె రంగులో జిగటగా వస్తే గిన్నె విప్పాల్సిందే. ముందు ఫోన్‌లో ఫొటో తీసుకోండి, పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి. మెయిన్ జెట్ ఇత్తడిది, రంధ్రం సన్నం. క్లీనర్ కొట్టి, వెలుతురుకు పట్టి చూడండి. కొత్తలో నేను స్టీలు తీగతో పొడిచాను. జెట్ రంధ్రం పెద్దదైంది, మోటారు నల్లపొగ కక్కుతూ పెట్రోలు తాగేసింది, జెట్ డబ్బులు నా చేతినుంచి పోయాయి. ఇప్పుడు వలలోంచి ఒక నైలాన్ పోగు తెంపి దాంతో తీస్తాను. మన ఊళ్ళో దానికి కొరతా?

తాడు అసలు కదలకపోతే లాగకండి. ప్లగ్గులు తీసి ఒక్కో రంధ్రంలో రెండు చెంచాల ఆయిల్ పోసి ఒక రాత్రి వదిలేయండి. తెల్లారాక ఫ్లైవీల్‌ను, అంటే మోటారు పైనుండే చక్రాన్ని, చేత్తో నెమ్మదిగా అటూ ఇటూ ఆడించండి. కదిలితే అదృష్టం. కదలకపోతే మీ బలం చూపించే చోటు అది కాదు.

స్టార్ట్ చేసేటప్పుడు పొడిగా తిప్పొద్దు. నీళ్ళు తోడే పంపులో రబ్బరు రెక్కలుంటాయి, నీళ్ళు లేకుండా కొన్ని సెకన్లు తిరిగినా దెబ్బతినొచ్చు. పెద్ద ప్లాస్టిక్ డ్రమ్ములో మంచినీళ్ళు నింపి, నీళ్ళు పీల్చే రంధ్రాలు మునిగేలా దించండి. డ్రమ్ములో పెట్టేముందు ఫ్యాను (ప్రొపెల్లర్) విప్పేయండి. చోక్ లాగి, తాడు పట్టు దొరికేదాకా మెల్లగా, ఆపైన ఒక్క ఊపులో. పలకగానే చోక్ నెట్టేయండి. వెనకనుంచి సన్నటి నీటి ధార రావాలి. రాకపోతే వెంటనే ఆపండి. చాలాసార్లు ఆ ధార వచ్చే గొట్టంలో మట్టిగూడు కట్టే కందిరీగ ఇల్లు కట్టి ఉంటుంది. నైలాన్ పోగు మళ్ళీ పనికొస్తుంది. గూడు లేకపోతే రెక్కలు ఒకవైపు వంగి ఎండిపోయి ఉంటాయి, మార్చాలి.

చివరిగా గేరు ఆయిల్. గేరు పెట్టె కింది స్క్రూ కొద్దిగా వదిలితే చుక్క వస్తుంది. పాలలా తెల్లగా ఉంటే సీలు పోయి నీళ్ళు దిగాయి. ఆ మోటారు ఇవాళ తిరుగుతుంది, పది మైళ్ళ దూరంలో ఆగుతుంది. వద్దు.

మొదటి రోజు ఒడ్డు ముందే అరగంట తిప్పండి, నల్లపొగ, వేడి, ధార చూసుకుంటూ. అలల్లోంచి దాటేటప్పుడు లోతు తక్కువైతే మోటారు పైకెత్తండి, ఇసుక పీలిస్తే పంపు పోతుంది. తెడ్లు, ప్లగ్గు స్పానరు, రెండు కొత్త ప్లగ్గులు, ఆ నైలాన్ పోగు తెప్పలోనే ఉంచండి. వచ్చే ఏప్రిల్ 14న మాత్రం, గిన్నెలో పెట్రోలు మిగలకుండా, పైపు ఊడదీసి మోటారు తనంతట తాను ఆగిపోయేదాకా డ్రమ్ములో తిప్పేసి, ఆపైనే గుడ్డ కప్పండి.