ఇంట్లోనే కారు పని – 4వ భాగం: ఫ్యాన్ బెల్ట్ మార్చడం

పోయిన భాగంలో బ్యాటరీ ఛార్జింగ్ చెక్ చేయడం నేర్చుకున్నాం కదా, మల్టీమీటర్ పక్కన పడేయకండి, ఇవాళ చివర్లో మళ్ళీ దాంతోనే పని.

ముందు పేరు సంగతి. దీన్ని మనోళ్ళు ఫ్యాన్ బెల్ట్ అంటారు కానీ మా మారుతి 800లో ఈ బెల్టుకి ఫ్యాన్‌తో సంబంధమే లేదు, రేడియేటర్ ఫ్యాన్ కరెంటు మీద తిరుగుద్ది. అంబాసిడర్ల కాలంలో ఫ్యాన్ నిజంగానే ఈ బెల్ట్ మీద తిరిగేది, కారు పోయింది పేరు మిగిలింది. ఇప్పుడు ఇది తిప్పేది బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్‌ని, ఇంజన్‌ని చల్లబరిచే నీళ్ళని (కూలెంట్) తిప్పే వాటర్ పంపుని. అందుకే ఇది తెగితే ముందు మీటర్లో ఎర్ర బ్యాటరీ లైటు వెలుగుద్ది, ఆ తర్వాత టెంపరేచర్ ముల్లు పైకి పోద్ది. "ఇంకో ఐదు కిలోమీటర్లేగా ఇల్లు" అని నడిపారనుకోండి, ఇంజన్ వేడెక్కి హెడ్ గాస్కెట్ (ఇంజన్ పైభాగానికీ కింది బ్లాకుకీ మధ్య ఉండే సీలు) ఖర్చు మీ నెత్తిన పడ్డట్టే.

ఇంకోటి, దీన్నీ టైమింగ్ బెల్టునీ కలపొద్దు. అది ఇంజన్ వాల్వుల్ని నడిపే బెల్టు, ప్లాస్టిక్ కవర్ లోపల ఉంటది, దాని జోలికి ఇవాళ పోవట్లేదు.

కొనేటప్పుడు పాత బెల్ట్ వీపు మీద నంబర్ చూడండి. ఉదాహరణకి 4పీకే 850 అని ఉంటే నాలుగు గీతల బెల్టు, పొడవు 850 మిల్లీమీటర్లు. నంబర్ చెరిగిపోతే కారు మోడల్, సంవత్సరం, ఏసీ ఉందో లేదో చెప్పండి. 800 తయారీ 2014లోనే ఆగిపోయినా దాని బెల్ట్ ఇప్పటికీ స్పేర్ పార్ట్స్ షాపుల్లో దొరుకుద్ది. ఇంటికి తెచ్చాక పాతదాని పక్కన పెట్టి వెడల్పు, గీతలు సరిపోల్చండి, పాతది కాస్త సాగి ఉంటది, ఆ కొంచెం తేడాకి కంగారు పడొద్దు.

ఇక పని. ఇంజన్ పూర్తిగా చల్లారాలి, హ్యాండ్ బ్రేక్ వేయాలి, తాళం మీ జేబులో ఉండాలి (ఇంట్లో పిల్లలుంటే ఇది మరీ ముఖ్యం), బ్యాటరీ మైనస్ టెర్మినల్ తీసేయాలి. బెల్ట్ ఏ పుల్లీ (బెల్ట్ తిరిగే గాడి చక్రం) మీద ఎలా పోతుందో ఫోన్‌లో ఫోటో తీస్కోండి, రెండు మూడు పుల్లీలేగా గుర్తుండదా అనుకుంటాం, చేతులకి గ్రీజు అంటాక ఏదీ గుర్తుండదు.

ఆల్టర్నేటర్‌ని పట్టుకునే బోల్టులు రెండు రకాలు: అది ఊగే ఇరుసు బోల్టు ఒకటి, పొడవాటి గాడి ఉన్న పట్టీలో జరిగే బోల్టు ఇంకోటి. రెండూ లూజు చేయండి, పూర్తిగా ఊడదీయక్కర్లేదు. తర్వాత ఆల్టర్నేటర్‌ని ఇంజన్ వైపు నెడితే బెల్ట్ వదులైపోయి చేత్తోనే వచ్చేస్తది. కదలకపోతే బోల్టు దగ్గర తుప్పు పట్టినట్టే, తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఓ పావుగంట టీ తాగి రండి, బలం పెట్టొద్దు. ఏసీ బెల్ట్ దీనికి బయటివైపు అడ్డం ఉంటే ముందు దాన్ని తీయాలి.

బెల్ట్ లేనప్పుడే ప్రతి పుల్లీని వేలితో తిప్పి చూడండి. మెత్తగా తిరగాలి, గరగరమంటే బేరింగ్ పోయినట్టు. వాటర్ పంపు పుల్లీని ముందుకీ వెనక్కీ ఊపితే ఊగకూడదు, దాని కింద కూలెంట్ కారిన తెల్లటి చార కూడా ఉండకూడదు. పుల్లీ గాడిలో ఆయిల్ ఉంటే గుడ్డతో శుభ్రంగా తుడవండి.

కొత్తది ఎక్కించేటప్పుడు స్క్రూడ్రైవర్‌తో మీటి ఎక్కించొద్దు, లోపలి దారాలు దెబ్బతింటాయి. గీతల బెల్ట్ అయితే ప్రతి గీతా దాని గాడిలోనే కూర్చుందా అని వేలితో తడిమి చూడండి, ఒక్క గాడి పక్కకి జరిగినా వారం తిరక్కుండా అంచు పీలికలైపోద్ది.

ఇప్పుడు అసలు పాఠం, టెన్షన్. బెల్ట్ మార్చడం పది నిమిషాల పని, బిగింపు కుదిరించడమే విద్య. నేను మొదటిసారి చేసినప్పుడు లూజైతే కీచుమంటదేమోనన్న భయంతో ఇనప రాడ్ పెట్టి బలమంతా ఉపయోగించి లాగి బిగించా, కీచుమనలేదు, మహా సంబరపడ్డా. కొన్ని నెలలకి బానెట్ కింద నుంచి పిండిమర సౌండు. మెకానిక్ అన్న చూసి "బెల్ట్ బిగించావా, వీణ తీగ బిగించావా తమ్ముడూ" అన్నాడు. ఆల్టర్నేటర్ బేరింగులు పోయినయ్.

కాబట్టి ఇలా చేయండి. సుత్తి చెక్క పిడిని ఆల్టర్నేటర్‌కీ ఇంజన్‌కీ మధ్య పెట్టి మెల్లగా బయటికి మీటండి, సన్నటి అల్యూమినియం రెక్కల మీద కాకుండా లావుగా ఉన్న చోట ఆనించండి. ఒక చేత్తో అలా పట్టుకునే గాడి బోల్టు బిగించండి, తర్వాత ఇరుసు బోల్టు. ఇప్పుడు రెండు పుల్లీల మధ్య పొడుగ్గా ఉన్న చోట బొటనవేలితో గట్టిగా, అంటే సుమారు 10 కిలోల బరువుతో నొక్కండి. చాలా చిన్న కార్లలో 6 నుంచి 10 మిల్లీమీటర్లు దిగాలి, మీ కారు మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే అదే పట్టుకోండి. నేనైతే పక్కన స్కేలు పెట్టే చూస్తా, కంటి అంచనా నమ్మను.

బ్యాటరీ కలిపి స్టార్ట్ చేయండి, చొక్కా చేతులు, చున్నీలు దూరం. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినళ్ళ మీద పెడితే మల్టీమీటర్లో 13.8 నుంచి 14.5 వోల్టుల మధ్య రావాలి. హెడ్‌లైట్లు, ఏసీ అన్నీ వేసి వినండి. కీచుమంటే తిరిగే బెల్ట్ గీతల వైపు దూరం నుంచి కొన్ని నీళ్ళు చిమ్మండి: కాసేపు ఆగి మళ్ళీ మొదలైతే పుల్లీలు ఒకే వరసలో లేవు, ఇంకా పెరిగితే బెల్ట్ లూజు. షాపువాళ్ళు అంటగట్టే బెల్ట్ స్ప్రే మాత్రం కొట్టొద్దు, అది సౌండుని దాస్తది అంతే, దుమ్మంతా పట్టేస్తది.

కొత్త బెల్ట్ మొదట్లో కాస్త సాగుద్ది, రెండు మూడు రోజులు తిప్పాక ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు మళ్ళీ నొక్కి చూడండి, ఎక్కువ దిగితే కొంచెం బిగించండి.

పాతది మరీ పగిలిపోకపోతే పారేయకండి, చుట్టి డిక్కీలో పడేయండి, పక్కనే ఆ రెండు బోల్టులకి పట్టే పానాలు కూడా, దారిలో కొత్తది తెగితే పనికొస్తాయి. వచ్చే భాగంలో బెల్ట్‌ని తనే బిగించి ఉంచే స్ప్రింగ్ టెన్షనర్ ఉండే కొత్త కార్ల సంగతి చూద్దాం, వాటిలో మీటే పని ఉండదు కానీ చేతులు దూరే సందు కూడా ఉండదు.